నడిచేవాళ్ళకూ దారి కావాలి

అక్కలారా! మనం మల్యాలల బస్సెక్కి జగిత్యాల పోతం. పాత బజారుల సామాన్లు కొంటం. చంకల పిల్ల, చేతిల సంచి. ముందు ఆటో, వెనుక మోటారు సైకిల్. పక్కకు జరుగుదామంటే జాగా ఉండదు. పైగా "చూసి నడువమ్మా" అని మననే కసురుతరు. మరి నడిచేవాళ్ళ దారి ఏది?

హైదరాబాదులో చార్మినార్ దగ్గర కూడా ఒకప్పుడు ఇట్లనే ఉండేది. చార్మినార్‌ను 1591లో కులీ కుతుబ్ షా కట్టించాడు. దాని నాలుగు దిక్కులా నాలుగు దారులు. లక్క గాజులకు పేరుపడ్డ లాడ్ బజారు అక్కడిదే. ఆ కాలంలో మోటార్లు లేవు. తర్వాత బస్సులు, ఆటోలు చార్మినార్ చుట్టే తిరిగాయి. పొగకు గోడలు మసిబారాయి. నడవడం కష్టమైంది.

అందుకే అక్కడ బండ్లు ఆపాలని 1990లలో ఆలోచన మొదలైంది. పని చాలా ఏండ్లు సాగింది. చార్మినార్ చుట్టూ రాతిబండలు పరిచారు. బండ్లను వేరే దారులకు మళ్ళించారు. ఆ జాగా నడిచేవాళ్ళకు దక్కింది.

ఇది మంచిదే. కానీ బజారు బాగు చేస్తామని చెప్పి, గంపలవాళ్ళను, తోపుడు బండ్లవాళ్ళను వెళ్ళగొడితే? వాళ్ళ పొయ్యి ఎట్లా వెలుగుతుంది? నడిచేవాళ్ళే కదా ఆగి, బేరమాడి కొనేది! నడిచే దారి, అమ్ముకునే జాగా రెండూ ఉండాలి.

దీనికి 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ఇది పట్టణాలకు వర్తిస్తుంది. ఇందులో ఏముంది?

1. వీధిలో అమ్ముకునే అందరి పేర్లూ సర్వే చేసి రాయాలి. సర్వే అయ్యి, కాగితం ఇచ్చేదాకా ఎవరినీ వెళ్ళగొట్టరాదు.

2. అమ్ముకునేందుకు ఇచ్చే ఆ కాగితమే సర్టిఫికెట్.

3. ఆ తర్వాత జాగా మార్చాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

4. పట్టణంలో ఒక కమిటీ ఉండాలి. అందులో పదిమంది ఉంటే, కనీసం నలుగురు వీధి వ్యాపారులే కావాలి. ఆ వ్యాపారుల్లో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి.

మన జగిత్యాలలోనూ పాత కోట ఉంది, పాత బజారు ఉంది. రేపు అక్కడా దారులు మార్చవచ్చు. ఊరి నుంచి కూరగాయలు తీసుకపోయి అక్కడ అమ్మే అక్కకు ఈ సంగతి తెలియాలి. నోటీసు వస్తే మీరే చదవండి. తేదీ చూడండి. ఏ జాగా ఇస్తున్నారో చూడండి. చదవకుండా సంతకం పెట్టకండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు కదా!

మాట్లాడుకుందాం:

మన ఊరి అంగడిలో నడిచేందుకు జాగా ఉందా?

అమ్మే ఆడవాళ్ళకు నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి ఉన్నాయా? లేకుంటే ఎవరిని అడగాలి?