సముద్రపు చేపకు క్రొత్త నీరు

ఒక ఊరినుండి మఱియొక ఊరికి పోయినవారు కొన్నినాళ్లు నలతపడినచో, “ఆ ఊరి నీళ్లు పడలేదు” అని పెద్దలు చెప్పుదురు. మనుష్యుడు నీటిని త్రాగువాడే కాని నీటిలో నివసించువాడు కాడు. అట్టివానికే నీటి మార్పు ఇంత బాధ కలిగించునపుడు, పుట్టినది మొదలు గిట్టువఱకు నీటిని విడువని చేపకు ఆ మార్పు ఎంత ప్రమాదకరమో ఊహింపవచ్చును.

ఈ సంగతి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల మత్స్యకారులకు బాగుగా తెలియును. చెఱువులలోను జలాశయములలోను విడుచుటకై చేపపిల్లలను ఉచితముగా పంచిపెట్టు పథకమును తెలంగాణ ప్రభుత్వము 2016వ సంవత్సరములో ప్రారంభించినది. సిరిసిల్లకు సమీపమున మానేరు నదిపై కట్టబడిన మధ్యమానేరు జలాశయములో కూడ చేపపిల్లలను విడిచిరి. బొచ్చె, రోహు, మృగాల జాతుల పిల్లలు ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచులలో వచ్చును. అనుభవము గలవారు ఆ పిల్లలను ఒక్కసారిగా చెఱువులో కుమ్మరింపరు. మొదట సంచిని విప్పకయే నీటిపై కొంతసేపు తేల్చియుంచుదురు. లోపలి నీటి వేడిమియు, వెలుపలి నీటి వేడిమియు సమానమైన పిదప మూతి విప్పి, చెఱువు నీటిని కొంచెము కొంచెముగా లోనికి రానిత్తురు. అప్పుడు పిల్లలు తమంతట తామే వెలికి ఈదుకొని పోవును.

మంచినీటి చేపకే ఇంత జాగ్రత్త వలసియుండగా, సముద్రపు చేపను, అందును మిక్కిలి సుకుమారమైన ఏంజెల్ చేపను ఇంట పెంపదలచినవారు ఇంకెంత తెలిసికొనవలయును! ఈ పట్టణములు సముద్రమునకు మూడువందల కిలోమీటర్లకు పైగా దూరమున నున్నవి. ఇచట ఆ చేపకు కావలసిన సముద్రమును గూడ మనుష్యుడే కల్పింపవలెను.

ఏంజెల్ అను పేరుతో రెండు వేర్వేరు చేపలు గలవు. అక్వేరియము దుకాణములలో సాధారణముగా కనిపించు ఏంజెల్ దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతమునకు చెందిన మంచినీటి చేప. సముద్రపు ఏంజెల్ దానికి బంధువు కాదు. వెచ్చని సముద్రములలో, ముఖ్యముగా పగడపు దిబ్బల నడుమ, ఈ సముద్రపు ఏంజెల్ చేపలు సుమారు 90 జాతులవి నివసించుచున్నవి. మొప్పలను కప్పు మూతకు క్రిందిమూల వెనుకకు పొడుచుకొని వచ్చిన బలమైన ముల్లు వీనికి గుర్తు. ఆ ముల్లు వలలో చిక్కుకొని చేప గాయపడును. కావున వీనిని వలతో గాక పాత్రతో ముంచి పట్టుట మేలు.

వీనిలో ఎంపరర్ ఏంజెల్ అనగా చక్రవర్తి చేప ప్రసిద్ధమైనది. ఇది హిందూ మహాసముద్రమునందును, పసిఫిక్ మహాసముద్రమునందును నివసించును. లక్షద్వీపములలోను, అండమాన్ నికోబార్ ద్వీపములలోను ఇది గలదు. చిన్నతనమున దాని నల్లని నీలపు దేహముపై తెల్లని వలయములు ఒకదానిలోపల నొకటిగా నుండును. పెరిగిన పిమ్మట ఆ వలయములు మాసిపోయి, నీలిరంగు మేనిపై పసుపుపచ్చని చారలు ఏర్పడును. పిల్లకును పెద్దకును రూపము ఇంతగా భేదించుటచే, పూర్వపు శాస్త్రజ్ఞులు పిల్లను వేఱొక జాతిగా తలచి, 1801లో నికోబార్ పేరు చేర్చి దానికి నామకరణము చేసిరి. ఈ చేప సుమారు 40 సెంటీమీటర్ల పొడవు పెరుగగలదు. దుకాణములో అరచేతిలో ఇమిడిన పిల్లకు రేపు ఎంత చోటు కావలయునో కొనువారు ముందే తలపోయవలెను.

అన్ని జాతులును సమానమైన సుకుమారత గలవి కావు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి పలువురు జీవనోపాధికై పోవు గల్ఫు దేశముల తీరమున ఎల్లోబార్ ఏంజెల్ అను జాతి గలదు. ఆ సముద్రము వేసవిలో మిక్కిలి వేడెక్కి, చలికాలమున బాగుగా చల్లబడును. అట్టి నీటికి అలవాటుపడిన ఈ చేప తన కుటుంబములో గట్టిది. దీనికి భిన్నముగా పగడపు దిబ్బల లోతులలో, ఏడాది పొడవున మార్పెఱుగని నీటిలో బ్రతుకు జాతులు స్వల్పమైన మార్పునకే తల్లడిల్లును.

ఈ తల్లడిల్లుటకు కారణమేమి? సముద్రజలము ఒక లీటరులో సుమారు 35 గ్రాముల లవణములు కరగియుండును. చేప రక్తములోని లవణము అందులో సుమారు మూడవవంతు మాత్రమే. పలుచని పొర యొకటి రెండు ద్రావణములను వేరుచేయుచున్నపుడు, లవణము తక్కువగా నున్న వైపునుండి ఎక్కువగా నున్న వైపునకు నీరు పోవును. దీనినే ద్రవాభిసరణ మందురు. కావున సముద్రపు చేప నీటి నడుమ నుండియు, మొప్పలగుండ నిరంతరము నీటిని కోల్పోవుచుండును. ఆ నష్టము తీర్చుకొనుటకు అది ఉప్పునీటిని త్రాగి, అధికమైన ఉప్పును మొప్పలలోని ప్రత్యేక కణముల ద్వారా వెలికి పంపును. చెఱువు చేప స్థితి ఇందుకు విరుద్ధము. దాని దేహములోనికి నీరు తానుగా చొచ్చుకొనివచ్చును. ఆ నీటిని అది మూత్రరూపమున విసర్జించుచుండును. నీటిలోని ఉప్పు హఠాత్తుగా మారినచో చేప ఈ తూకమును సరిచేసికొనలేక క్రుంగిపోవును.

ఇంట సముద్రజలమును తయారుచేయుటకు వంట ఉప్పు చాలదు. సముద్ర లవణములలో సోడియము, క్లోరైడు కలసి బరువున నూటికి 85 వంతులు మాత్రమే. మెగ్నీషియము, సల్ఫేటు, కాల్షియము, పొటాషియము మొదలగునవి మిగిలిన భాగము. ఇవి యన్నియు తగుపాళ్లలో కలిపిన మిశ్రమము అక్వేరియము దుకాణములలో దొరకును. నూరు లీటర్ల నీటికి సుమారు మూడున్నర కిలోల లవణములు వలయును. బోరునీటిలో ముందే కరగియున్న లవణములు ఈ పాళ్లను చెఱచును. కుళాయి నీటిలోని క్లోరిన్ మొప్పలకు హానిచేయును. కావున శుద్ధిచేసిన నీటినే వాడవలెను. ఉప్పు పాలు హైడ్రోమీటరుతో కొలిచి చూడవలెను. వేసవిలో 45 డిగ్రీలు దాటు ఎండకు తొట్టినీరు త్వరగా ఆవిరియగును. ఆవిరియగునది నీరే కాని ఉప్పు కాదు. తగ్గిన మేరకు మంచినీటిని పోయుటకు బదులు ఉప్పునీటిని పోసినచో తొట్టి నానాటికి మఱింత ఉప్పనగును. ఏంజెల్ చేపకు 24 నుండి 27 డిగ్రీల వేడిమి తగినది. నీరు వేడెక్కినకొలది అందు ప్రాణవాయువు తగ్గును. కనుక నీటిని చల్లబఱచు సాధనమును, కరెంటు పోయినపుడు గాలి నందించు బ్యాటరీ పంపును సిద్ధముగా నుంచుకొనవలెను.

నీరు స్వచ్ఛముగా కనిపించినంతమాత్రమున తొట్టి సిద్ధమైనట్లు కాదు. చేప విసర్జించు అమోనియా విషము. ఇసుకపైనను రాళ్లపైనను పెరుగు ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును. అదియును విషమే. మఱియొక తెగ సూక్ష్మజీవులు నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగా మార్చును. కంటికి కనబడని ఈ పనివాండ్రు తగినంతగా వృద్ధి పొందుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఆ గడువు తీరకముందే చేపను తెచ్చినవారు దానిని విషములో విడిచినట్లే.

ఇక చేప వచ్చు దినము. దూరపు ఓడరేవునుండి విమానమున హైదరాబాదునకును, అచటినుండి నాలుగైదు గంటలు రోడ్డుమీద జగిత్యాలకును వచ్చిన చేప ఒక దినమంతయు సంచిలోనే గడిపియుండవచ్చును. దాని ఊపిరినుండి వెలువడిన బొగ్గుపులుసు వాయువు సంచినీటి క్షారగుణమును తగ్గించును. అట్టి నీటిలో అమోనియా చాలవఱకు హానిలేని రూపమున నుండును. సంచి విప్పగానే ఆ వాయువు పైకిపోయి, నీటి క్షారగుణము మరల పెరిగి, అమోనియా విషరూపము దాల్చును. కావున నీటిని మార్చుటలో తొందర యెంత చెఱుపో ఆలస్యమును అంత చెఱుపు.

ప్రయాణము కొన్ని గంటలదే యైనచో, సంచిని తొట్టినీటిపై పావుగంట తేల్చి, చేపను ఆ నీటితోనే ఒక పాత్రలోనికి మార్చి, సన్నని గొట్టముద్వారా తొట్టినీటిని బొట్లు బొట్లుగా అందులో పడనీయవలెను. ఒక గంటలోపల పాత్రలోని నీరు రెండింతలో మూడింతలో అగును. అప్పుడు చేపను మాత్రము తొట్టిలో విడిచి, సంచినీటిని పారబోయవలెను. ప్రయాణము దీర్ఘమైనదైనచో వేఱొక ఉపాయము మేలు. సంచిలోని నీటి ఉప్పు పాలు ఎంతయో అమ్మినవారినుండి ముందే తెలిసికొని, వేఱొక చిన్న తొట్టిలోని నీటిని సరిగా అంతే ఉప్పు గలదానిగా చేసియుంచవలెను. వేడిమి సమానముకాగానే చేపను ఆలస్యము చేయక అందులోనికి మార్చి, కొన్ని దినములలో ఉప్పును మెల్లమెల్లగా పెంచవచ్చును. చేపను నీటికి లొంగదీయుటకంటె, ముందు నీటినే చేపకు అనుకూలముగా దిద్దుట ఉత్తమము. అలవాటుచేయుటలోని రహస్యమంతయు ఇదియే.

ఈ చిన్న తొట్టిలో చేపను నాలుగు మొదలు ఆరు వారములు వేఱుగా నుంచి గమనింపవలెను. తెల్లమచ్చల వ్యాధివంటివి క్రొత్త చేపతో వచ్చి, పాత చేపలన్నిటికిని వ్యాపింపగలవు. అచట దీపము మందముగా నుండవలెను. చేప దాగుకొనుటకు గొట్టము ముక్కలో కుండపెంకులో వేయవలెను. దాగు చోటున్న చేపయే ధైర్యముగా వెలికి వచ్చును.

పిమ్మట ఆహారము. అనేక ఏంజెల్ చేపలు చేపలవంటలో నలిగిన రొయ్యపొట్టుతో తృప్తిపడునవి కావు. పెద్ద జాతులు ముఖ్యముగా స్పంజికలను తినును. స్పంజికల దేహములో గాజు సూదులవంటి ముండ్లును, చేదు రసాయనములును ఉండుటచే తక్కిన చేపలలో పెక్కు వానిని ముట్టవు. కరీబియన్ సముద్రమందలి రాక్ బ్యూటీ అను ఏంజెల్ ఆహారములో నూటికి 95 వంతులకు పైగా స్పంజికలే యని 1968లో వెలువడిన పరిశోధన తెలిపినది. అట్టి చేప తొట్టిలో ఎంత మేత యున్నను ఆకలితో కృశించును. చిన్న ఏంజెల్ జాతులు రాళ్లమీది నాచును రోజంతయు గీకి తినును. వీనిని పోషించుట కొంత సులభము.

క్రొత్తగా వచ్చిన చేప రెండు మూడు దినములు మేత ముట్టకపోవచ్చును. అప్పుడు కదలు ఆర్టీమియా రొయ్యపిల్లలను వేసిన, వాని కదలికకు ఆశపడి నోరు తెరచును. తెరచిన ఆల్చిప్పను రాతిమీద నుంచిన, పగడపు దిబ్బమీద వలెనే పొడుచుకొని తినును. మేత మరగిన పిమ్మట చిన్నరొయ్యలు, ఎండిన సముద్రపు నాచు, స్పంజిక కలిపిన మేత మార్చి మార్చి పెట్టవలెను. దినమునకు మూడు పర్యాయములు కొంచెము కొంచెముగా పెట్టి, కొలది నిమిషములలో తినని మేతను తీసివేయవలెను. మిగిలిన మేత కుళ్లి అమోనియా యగును. ప్రేమచే అధికముగా పెట్టుటయు చేపకు ప్రాణాంతకమే. కొనునపుడే చేప మేత తినుచున్నదో లేదో కన్నులార చూడవలెను. పొట్ట లోనికి పోయిన చేప ఎంత అందముగా నున్నను కొనరాదు. కొన్ని దేశములలో సయనైడు విషముతో మత్తెక్కించి చేపలను పట్టు దురాచారము 1960 ప్రాంతములనుండి ప్రబలినది. అట్లు పట్టిన చేపలు పైకి ఆరోగ్యముగా కనిపించి, కొన్నినాళ్లకే చనిపోవును.

క్లౌన్ చేప రాతిపై గ్రుడ్లు పెట్టి కాపుకాయును. కావున దానిని తొట్లలోనే పుట్టించుట సాధ్యమైనది. 1947లో స్థాపింపబడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు మన దేశమున ఈ విద్యను సాధించిరి. ఏంజెల్ చేపలు సంధ్యవేళ నీటిలో పైకెగసి గ్రుడ్లను విడుచును. ఆ గ్రుడ్లును, వానినుండి వచ్చు పిల్లలును మిక్కిలి సూక్ష్మములు. వానికి తగిన మేత సమకూర్చుట దుర్లభము. ఎల్లోబార్ ఏంజెల్ వంటి కొన్ని జాతులను ఇటీవలి దశాబ్దములలో కొన్ని దేశములవారు తొట్లలో పుట్టించగలిగినను, అమ్మబడువానిలో అధికభాగము నేటికిని సముద్రమునుండి పట్టి తెచ్చినవియే. పగడములను సముద్రమునుండి తెచ్చుట మన వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. ఆ పగడముల నడుమ తిరుగు చేపను తెచ్చుటకు ముందును మనుష్యుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఆరు వారములు ఖాళీతొట్టిని ఓపికతో కాచుకొనగలనా? దినమునకు మూడు పర్యాయములు, పండుగనాడును ప్రయాణమునాడును, మేత పెట్టువారుందురా? పదేండ్ల పిదప పెరిగి పెద్దదైన చేపకు చోటుండునా? వీనికి అవునని చెప్పగలిగినవాడు తొట్టిలో పుట్టిన గట్టి జాతినే ఎన్నుకొనవలెను. చెప్పలేనివాడు బొచ్చెపిల్లలను చెఱువులో విడుచు మత్స్యకారుని ప్రక్కన నిలిచి చూచినను, నీటికిని ప్రాణికిని గల సంబంధమును చక్కగా నేర్చుకొనగలడు.