పాటకు రెండు తీగలు

తలుపు లోపలి అట్ట ఊడదీయగానే ఒళ్లో నల్లటి పొడి రాలింది. పాతికేళ్ల కిందటి మా చిన్న కారులో ఎడమవైపు స్పీకరు అది. కోను చుట్టూ ఉండాల్సిన ఫోము అంచు వేలు తగిలితే చాలు, మాడిన అప్పడంలా నలిగిపోతోంది. "ఇది పోయాకే సార్ గరగర మొదలయ్యేది. ఫోమును చెమ్మ తినేస్తది" అన్నాడు ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్. పాటలో బాస్ చాలక, పెద్ద ఓవల్ స్పీకర్లు బిగించుకుందామని వెళ్లాను నేను. "ముందు వైర్లు చూద్దాం" అన్నాడాయన.

ఆయన వైర్లు లాగుతుంటే నేను ఆ స్పీకరు తిప్పి చూశాను. వెనక నల్లటి చక్రంలాంటి అయస్కాంతం. దాని నడుమ గుండ్రటి సన్నటి సందు. ఆ సందులో అంచులకు తగలకుండా నిలిచిన రాగితీగ చుట్ట, ఆ చుట్టకు అతికించిన కాగితపు గరాటు. పాట కరెంటు రూపంలో చుట్టలోకి వస్తుంది. కరెంటు ఒకవైపు పారితే చుట్ట ముందుకు, రెండోవైపు పారితే వెనక్కి కదులుతుంది. కాగితం గాలిని తోస్తుంది. అంతే స్పీకరు.

ఈ కదిలే చుట్టకు ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ 1898లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ దాన్ని గట్టిగా కదిలించే ఆంప్లిఫయరు అప్పటికింకా పుట్టలేదు. 1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ చుట్టకు ఇత్తడి బాకాలాంటి కొమ్ము తగిలించి వీధి జనానికి వినిపించారు. వాళ్ల యంత్రం పేరు మాగ్నవాక్స్, లాటిన్‌లో 'గొప్ప గొంతు'. మన ఇళ్లలో, కార్లలో ఉన్న రూపం మాత్రం 1925 నాటిది. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ కొమ్ము తీసేసి, చిన్న కాగితపు కోనుకు మెత్తటి అంచు కట్టి స్వేచ్ఛగా ఊగనిచ్చారు. నా ఒళ్లో పొడిగా రాలింది ఆ మెత్తటి అంచే.

ఆ తర్వాత మారిందల్లా చుట్టూ ఉన్న సరంజామా. మొదట్లో అయస్కాంతం బదులు ఇంకో తీగచుట్టకు కరెంటిచ్చి పనిచేయించేవారు. తర్వాత కోబాల్టు కలిసిన ఆల్నికో అయస్కాంతాలు వచ్చాయి. 1978లో జైర్‌లో యుద్ధం వచ్చి కోబాల్టు ధర ఆకాశానికంటడంతో, ఇనుప తుప్పుకు దగ్గరి చుట్టమైన చవక ఫెర్రైటు వైపు కంపెనీలు పరుగెత్తాయి. ఆ నల్ల చక్రం అదే.

కారులోకి పాట రావడం వేరే కథ. 1930లో షికాగో వ్యాపారి పాల్ గాల్విన్ తన కారులో రేడియో బిగించుకుని అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సమావేశానికి వెళ్లాడు. లోపల దుకాణం పెట్టే స్తోమత లేక బయటే కారు ఆపి పాట పెంచాడు. దానికి పెట్టిన పేరు మోటరోలా. ఇంజనులో స్పార్కు కొట్టినప్పుడల్లా రేడియోలో టపటపలు వినిపించేవి. వాటిని అణచడమే ఆనాటి పెద్ద పని. 1955లో ఫిల్కో కంపెనీ క్రైస్లర్ కార్ల కోసం పూర్తి ట్రాన్సిస్టర్ రేడియో తయారుచేయడంతో వేడెక్కే వాల్వుల రోజులు ముగింపుకొచ్చాయి.

ఆ రోజుల అలవాటు ఒకటి పాత కార్లలో ఇంకా దాగి ఉంటుంది. కారు ఒళ్లంతా ఇనుమే కాబట్టి చాలా రేడియోలు స్పీకరుకు ఒక్క తీగే పంపేవి, తిరుగుదారి బాడీ ఎర్తు. ఇప్పటి స్టీరియోకు అది కుదరదు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఎక్కువ శక్తి పిండడానికి అందులో ప్రతి స్పీకరుకు రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి. ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది. అంటే మైనస్ తీగలోనూ ప్రాణం ఉంది. బ్యాటరీ వోల్టేజిలో సగం ఎప్పుడూ దానిమీద నిలిచే ఉంటుంది. దాన్ని బాడీకి కలిపితే స్టీరియోలోని ఆంప్లిఫయరు చిప్పు కాలిపోవచ్చు. పాత కారులో కొత్త స్టీరియో పెట్టేవాళ్లు ప్రతి స్పీకరుకూ రెండేసి తీగలు లాగాల్సిందే.

స్టీరియో డబ్బామీది '50 వాట్ల' లెక్కా ఇక్కడే తేలుతుంది. ఇంజను నడుస్తుంటే వచ్చే 14.4 వోల్టులు పూర్తిగా 4 ఓముల స్పీకరు మీద పడితే 52 వాట్లు. అయితే అంత పెంచితే వచ్చేది పాట కాదు, రొద. చక్కటి స్వరానికి పరిమితి అందులో సగం, 26 వాట్లు. చిప్పు నష్టాలు పోను చేతికొచ్చేది ఇంకా తక్కువ.

మరి వైరు లావు? తలుపు స్పీకరుకు 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ రానుపోను 10 మీటర్లు వేస్తే దాని నిరోధం 0.34 ఓములు, పోయే శక్తి 8 శాతం. చెవికి ఆ తేడా తెలియదు. విడిగా ఆంప్లిఫయరు పెట్టి 26 ఆంపియర్లు లాగితే కథ మారుతుంది. బ్యాటరీ నుంచి డిక్కీదాకా 5 మీటర్లు అదే సన్న తీగ వేస్తే దారిలోనే 4.4 వోల్టులు పోతాయి. 115 వాట్ల వేడి కార్పెట్ కింద రాజుకుంటుంది. 10 చదరపు మిల్లీమీటర్ల తీగైతే పోయేది పావు వోల్టు లోపే. రాగి పూసిన అల్యూమినియం తీగ చవకే గాని, రాగితో సమానం కావాలంటే ఇంకా లావుండాలి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. దూరంగా పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య తీగ బాడీకి రాసుకున్న రోజున కాపాడేవాడుండడు.

మా కారులో రోగం ఇవేవీ కావని తేలింది. ఎలక్ట్రీషియన్ స్టీరియో దగ్గర తీగలు విప్పి, గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్ తీసి ఒక జత కొసలకు తాకించాడు. కుడి తలుపులో కోను 'టక్'మని ముందుకొచ్చింది. ఎడమ జతకూ అలాగే తాకించాడు. కోను లోపలికి పోయింది. ఎప్పుడో ఎవరో ఎడమవైపు ప్లస్సూ మైనస్సూ తారుమారు చేసి, మెలిపెట్టి టేపు చుట్టేశారు. ఒకటి గాలిని తోసిన క్షణంలోనే ఇంకొకటి లాగేస్తుంటే తబలా, డోలక్‌ల బరువంతా కారు నడుమే చెల్లిపోయేది. నేనేమో ఇన్నేళ్లూ బాస్ బటన్ తిప్పుతూ కూర్చున్నాను.

టేపు విప్పితే కొసలు పచ్చబారి ఉన్నాయి. కొత్త తీగ లాగి, సోల్డరు పెట్టి, తొడుగు వేశాడు. రబ్బరు అంచున్న మామూలు 4 అంగుళాల స్పీకర్ల జత కొన్నాను. కోను వెనక పుట్టే గాలి ముందుకొచ్చి ముందరి శబ్దాన్ని మింగేయకుండా తలుపు రేకు కన్నాలు మూయించాను. ఓవల్ స్పీకర్ల డబ్బు జేబులోనే ఉండిపోయింది.

పాత స్పీకరు ఇప్పుడు నా బల్లమీద ఉంది. అంచు పూర్తిగా ఊడిపోయింది. సెల్ తాకిస్తే మాత్రం కోను కొంచెం వంకరగా ఇప్పటికీ కదులుతుంది.