రాళ్ళ వయసు లెక్కగట్టిన స్కాలర్‌షిప్ విద్యార్థి



ఇంటర్ ఫలితాలు రాగానే మన ఇళ్ళలో ఇంజనీరింగా, మెడిసినా అన్న ప్రశ్న తప్ప మరొకటి వినబడదు. పిల్లలెవరైనా భూగర్భ శాస్త్రం చదువుతామంటే "రాళ్ళ చదువు కూడు పెడుతుందా?" అని అడిగే పెద్దలున్నారు. అందులో తప్పు లేదు. అయితే ఆ చదువుతోనే భూమి వయసు లెక్కకు దారి చూపిన ఆర్థర్ హోమ్స్ గురించి కూడా తెలుసుకోవాలి.

హోమ్స్ 1890లో ఇంగ్లండులో ఒక సామాన్య కుటుంబంలో పుట్టారు. 1907లో స్కాలర్‌షిప్ సంపాదించి, భౌతిక శాస్త్రం చదవడానికి లండన్ వెళ్ళారు. రెండో ఏడు అధ్యాపకులు వద్దన్నా భూగర్భ శాస్త్రం తీసుకున్నారు. భూమి వయసు 2 నుండి 4 కోట్ల సంవత్సరాలని లార్డ్ కెల్విన్ 1897లో చెప్పి ఉన్నారు. 1911లో, ఇంకా 21 ఏళ్ళు నిండిన కుర్రవాడు హోమ్స్, నార్వే నుండి వచ్చిన ఒక్క శిల వయసే 37 కోట్ల సంవత్సరాలని తేల్చారు.

ఈ లెక్క ఎలా కడతారు? నేను కామర్స్ చదివినవాడిని కనుక నాకు అర్థమైన రీతిలో చెబుతాను. తరుగుదల లెక్కలలో తగ్గుతున్న నిల్వల పద్ధతి ఒకటుంది. ఏటా మిగిలిన విలువ మీదనే ఒకే శాతం తగ్గిస్తూ పోతాం. యురేనియం కూడా అలాగే తరుగుతుంది. ఒక రకం యురేనియం 447 కోట్ల సంవత్సరాలలో సగమవుతుంది. తరిగిన భాగం చివరకు సీసంగా మారుతుంది. తరుగుదల రేటు తెలుసు కనుక, మిగిలిన యురేనియాన్ని, చేరిన సీసాన్ని కొలిస్తే గడచిన కాలం తెలుస్తుంది.

అయితే ప్రారంభ నిల్వ తెలియాలి గదా! జిర్కాన్ అనే ఖనిజం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. అంటే సీసం ఖాతా సున్నాతో మొదలవుతుంది. పైగా మరో రకం యురేనియం 70 కోట్ల సంవత్సరాలలో సగమై వేరే రకం సీసాన్ని ఇస్తుంది. ఈ రెండు లెడ్జర్లూ ఒకే వయసు చూపితే లెక్క సరి. తేడా వస్తే, మధ్యలో వేడికో మరో కారణానికో సీసం బయటకు పోయిందేమో వెతకాలి.

హోమ్స్ జీవితం సాఫీగా సాగలేదు. స్కాలర్‌షిప్ ఏడాదికి 60 పౌన్లే. అది చాలక 1911లో ఖనిజాల అన్వేషణకు మొజాంబిక్ వెళ్ళారు. అక్కడ మలేరియా సోకి, చనిపోయారని పొరపాటున ఇంటికి కబురు కూడా వెళ్ళింది. 1920లో బర్మాలో చమురు కంపెనీలో చేరితే ఆ కంపెనీ దివాలా తీసింది. పసివాడైన కొడుకు జబ్బుచేసి పోయాడు. 1924లో డర్హామ్‌లో అధ్యాపక పదవి దొరికింది. తర్వాత ఎడింబరోలో ఆచార్యులయ్యారు. ఇన్ని కష్టాలలోనూ రాళ్ళ వయసు లెక్క వదలలేదు. 1955లో మన దక్షిణాపథపు పురాతన శిలల కాలనిర్ణయం మీద కూడా వ్యాసం ప్రచురించారు. 1956లో క్లేర్ ప్యాటర్సన్ సీసం లెక్కతోనే భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని నిర్ధారించారు. హోమ్స్ 1965లో మరణించారు.

ఈ పని ఇప్పటికీ పూర్తికాలేదు. బెంగళూరు లాల్‌బాగ్ గుట్ట వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. ఒడిశాలోని చంపువా ప్రాంతపు శిలలో సుమారు 420 కోట్ల సంవత్సరాల జిర్కాన్ రేణువులు దొరికాయని 2018లో పరిశోధకులు ప్రకటించారు.

ఆసక్తి ఉన్నవారు ఇంటర్‌లో సైన్సు చదివి, బి.ఎస్‌సి.లో భూగర్భ శాస్త్రం తీసుకోవచ్చు. తర్వాత జామ్ పరీక్ష రాసి ఐ.ఐ.టి.లలో ఎం.ఎస్‌సి. చేయవచ్చు. యు.పి.ఎస్‌.సి. నిర్వహించే జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో ఉద్యోగాలున్నాయి. పరిశోధనకు హైదరాబాదులోని ఎన్‌.జి.ఆర్‌.ఐ. ఉంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ దారిలో సీట్లు, ఉద్యోగాలు తక్కువ, పిహెచ్‌.డి. దాకా వెళితే చాలా ఏళ్ళు పడుతుంది. ఆ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పండి. అది విన్న తర్వాత కూడా మీ అమ్మాయో అబ్బాయో అదే చదువుతానంటే అడ్డు చెప్పకండి. హోమ్స్‌కు వచ్చిన స్కాలర్‌షిప్ ఖర్చులకు చాలలేదు, కానీ లండన్ దాకా చేర్చింది. మన ట్రస్టు ఇచ్చేది చిన్న మొత్తమే అయినా, దాని ప్రయోజనమూ అదే.