చూపు నిలుచు పలక

ఛాయాచిత్ర యంత్రములో లెన్సు గుణమును గూర్చి గంటలకొలది ముచ్చటించువారు కలరు. షట్టరు చప్పుడు విని దాని ఆరోగ్యమును చెప్పగల మెకానిక్కులును కలరు. కాని తీయబోవు చిత్రము ముందుగా వచ్చి వ్రాలెడి ఆ గరుకుటద్దమును, మన స్టూడియోలవారు గ్రౌండ్ గ్లాసనియు స్క్రీననియు పిలుచు ఆ చిన్న పలకను తలచువారు అరుదు. ఏథెన్సులోని ఒలింపియన్ జియస్ ఆలయమును 1842లో జిరో ద ప్రాంజే అను ఫ్రెంచి యాత్రికుడు వెండిపలకపై పట్టిన బింబము 2003లో లండను వేలములో అంతవరకు ఏ ఛాయాచిత్రమునకును పలుకని వెల పలికినది. దానిని కొనినవాడు పురాతన చిత్రసేకరణలో పేరుమోసిన ఖతారు రాజకుటుంబీకుడు షేక్ సౌద్ బిన్ మొహమ్మద్ అల్ థానీ. ఆ వెండిపలకకు క్షణకాలము ముందు అదే ఆలయము తలక్రిందులై నిలిచిన గరుకుటద్దమునకు వెలకట్టువారెవరు? తనపై వ్రాలిన దానిలో ఒక రేఖనైనను అది దాచుకొనదు గదా.

అయినను కెమెరా చరిత్రలో సగము ఈ పలక చరిత్రయే. ఖతారు తీరమును తాకుచున్న గల్ఫు జలములకు ఉత్తరపు కొసనున్న బస్రాలో 965 ప్రాంతమున జన్మించిన ఇబ్న్ అల్ హైతమ్, గ్రహణకాలమున సన్నని రంధ్రము గుండ లోనికి వచ్చి ఎదుటి తలముపై నెలవంకయై పడెడి సూర్యబింబమును పరిశీలించి గ్రంథము వ్రాసెను. అప్పటికి బింబము గోడమీదనే యుండెను. 1685లో యోహాన్ త్సాన్ అను జర్మను మతాచార్యుడు చేత మోయదగిన పెట్టెను చిత్రించి, అందు వాలుగా నొక దర్పణమును నిలిపి, బింబమును మీదికి మళ్ళించి అద్దముపై పరచుటకు ఉపాయము చూపెను. 1839లో, వెండిపలకపై బింబమును పట్టు డాగెర్ పద్ధతికై, పారిస్ నగరమున జిరూ అనువాడు నిర్మించి అమ్మిన కెమెరాకు వెనుకనున్నది గరుకుటద్దమే; దానిపై బింబము సరిచూచుకొని, దానిని తొలగించి, ఆ స్థానముననే వెండిపలకను నిలుపవలెను. మన పెద్దలు చూచిన స్టూడియో కెమెరాల నల్లగుడ్డ ముసుగు ఆ అద్దముపై బయటి వెలుతురు పడకుండ కప్పుకొనినదే. పిదప దర్పణముగల చిన్న కెమెరాలైన 1936లో కీనె ఎక్సాక్టా, 1949లో కుడియెడమలను చక్కదిద్దు పట్టకముతో కాంటాక్స్ ఎస్, 1959లో పనికి తగిన పలకను మార్చుకొను సదుపాయముతో నికాన్ ఎఫ్ వచ్చి, నల్లగుడ్డను సాగనంపినవి.

అద్దమును గరుకు చేయుట యెందుకు? నున్నని అద్దము గుండ కిరణములు ఆగక సాగిపోవును గనుక బింబము నిలుచుటకు తావు లేదు. గరుకుదనములోని సూక్ష్మమైన మిట్టపల్లములు ప్రతి కిరణమును నలుదిక్కులకు చెదరగొట్టగా, ఆ తలమునందు బింబము కంటికి దొరకును. అయితే అంచులలోని వెలుగు కంటివైపునకు గాక పక్కలకు పోవుటచేత మూలలు చీకటిగిల్లును. ఆ లోపమును తీర్చినది దీపస్తంభముల విద్య. 1822లో ఫ్రాన్సు దేశీయుడైన ఫ్రెనెల్, ఓడలకు దారిచూపు దీపముల కొరకు బరువైన కటకమును వలయములుగా విభజించి పలుచన చేసెను. ఆ వలయములనే వెంట్రుకకన్న సన్నముగా ప్లాస్టిక్కులో అచ్చొత్తి, గరుకుతలమునకు తోడుచేసినచో, అంచుల వెలుగు కూడ కంటివైపునకు మరలును. ఈ సౌందర్యమంతయు ఒక్క తుడుపుతో చెడిపోగల మెత్తని అక్రిలిక్ మీద నున్నదని మరువరాదు.

ఖతారు రాజధాని దోహాలో జగిత్యాల ప్రాంతపు యువకుడొకడు తన తండ్రి స్టూడియో నాటి నికాన్ ఎఫ్ఎమ్2 కెమెరాను తెచ్చి నాకు చూపెను. "అన్నా, ఇది మా నాయిన పెళ్ళిళ్ళకు తీస్కపోయిన కెమెరా. లోపలంత మసకగున్నది. బట్టతోని తుడుస్తే పోతదా?" అని అతడడుగగా, "బట్ట పెట్టకు తమ్ముడూ, ముందు ఊదుదాం" అంటిని. ఊదుట యన్నది నోటితో కాదు, రబ్బరు బుడ్డితో. నోటి తుంపర పడిన చోట మరక మిగులును. వేసవిలో షమాల్ గాలులు మోసితెచ్చు ఎడారి ధూళిలో స్ఫటికరేణువులు కలసియుండును. అక్రిలిక్కుకన్న అవి ఎంతో కఠినములు. మెత్తని బట్టయైనను వాని నొత్తి లాగినచో ఫ్రెనెల్ వలయములపై ఎన్నటికిని మానని గీతలు పడును. స్క్రీనుమీది ధూళి చిత్రములో పడనే పడదు, షట్టరు విడుచునప్పుడు దర్పణము పైకి లేచి ఫిల్మునకు దారి విడుచును గనుక. గీత కూడ చిత్రములో పడదు గాని, చూచువాని కంటిని జీవితాంతము వేధించును. కావున ఈ పనిలో నేర్పు చేతివేగమున గాక నిగ్రహమున నున్నది.

మసకకు మూలము వేరుగా నుండెను. దర్పణము లేచి తాకునప్పుడు దెబ్బ తగులకుండ అంటించిన స్పాంజి పట్టీ, దోహాలోని ఆగస్టు సెప్టెంబరు మాసముల ఉక్కపోతవంటి తేమకు ఏండ్ల తరబడి లోనై కరిగి, తారువలె జిగటయై, నల్లని పలుకులుగా స్క్రీనుపై రాలినది. లెన్సు విప్పి, మౌంటు లోపలి చిన్న గొళ్ళెమును పట్టకారుతో కదల్పగా చట్రము క్రిందికి వాలినది. స్క్రీనును దాని చిన్న చెవి పట్టి తీయవలెను, నడుమ వ్రేలు తగులనీయరాదు. స్క్రీను బయట పెట్టిన పిదపనే దంతపుల్లకు స్పిరిటు అద్ది పాత జిగురును గీకితిమి; స్పిరిటు అక్రిలిక్కునకు తగిలినచో పగుళ్ళు పుట్టవచ్చును. స్క్రీనును మాత్రము డిస్టిల్డు వాటరులో ఒక్క చుక్క గిన్నెలసబ్బు కలిపి, అందు ముంచి, మెత్తని చిత్రలేఖనపు కుంచెతో వలయముల దారినే నడిపి, మరల శుద్ధజలముతో కడిగి, విదలించి, గాలిబుడ్డితో ఆరబెట్టితిమి. రెండు నల్లని చుక్కలు మిగిలినవి. అతడు మరొకసారి రుద్దుదమనెను; నేను సమ్మతింపలేదు.

ఇక తళతళకన్న ముఖ్యమైనది స్థానము. నికాన్ మౌంటు నుండి ఫిల్ముతలము వరకు 46.5 మిల్లీమీటర్లు, దర్పణము ద్వారా స్క్రీను గరుకుతలమునకు గల దారి కూడ సరిగా అంతయే యుండవలెను. మిల్లీమీటరులో పదవ వంతు తేడా వచ్చినను, లెన్సును పూర్తిగా తెరచి తీయునప్పుడు, కంటికి స్పష్టమైన ముఖము ఫిల్ముపై మసకబారును. పలకను తలక్రిందులుగా బిగించినవారికి ఈ చిక్కు తప్పదు. అందుచే స్క్రీనును మరల బిగించి, దోహా కార్నిష్ ఒడ్డునకు పోయి, సముద్రపు టావలి వెస్ట్ బే భవనములలో నెత్తైన దాని కొనదీపమును స్క్రీను నడిమి వృత్తమునందు నిలిపి, లెన్సును అనంతమునకు త్రిప్పితిమి. స్థానము తప్పియున్నచో, ఆ వృత్తములో వ్యతిరేక దిశలకు వాలిన రెండు పట్టకముల వలన రెండుగా చీలి కనబడవలసిన దీపము, ఒక్కటియై నిలిచినది. అంతట క్రొత్త స్పాంజి పట్టీ అంటించి, వాడని దినములలో లెన్సు తీసినప్పుడెల్ల మౌంటునకు మూత వేయుమనియు, గాలిచొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లముతో కెమెరాను దాచుమనియు అతనికి చెప్పి పంపితిని.