మీకు తెలుసా? వైఫైకి దూరం కాదు, ఆకే అడ్డం

ఇంట్లో వైఫై బ్రహ్మాండంగా వస్తుంది. మూడొందల మీటర్ల అవతల కోళ్ల షెడ్డులో కెమెరా పెడదామంటే ఒక్క గీత కూడా చూపించదు. దూరం ఎక్కువైందనుకుంటాం. సరైన యాంటెనాలుండి, అడ్డేమీ లేకపోతే ఆ దూరం వైఫైకి లెక్కే కాదు. వెనెజులాలో ఎర్మానో పియెట్రోసెమోలి బృందం 2007లో రెండు పర్వతాల మధ్య ఏకంగా 382 కిలోమీటర్ల మేర వైఫై కలిపి చూపించింది.

మన షెడ్డు దగ్గర గొడవంతా గోడతో, రేకుతో, అన్నిటికన్నా ఎక్కువగా ఆకుతో. ఆకు నిండా నీరే, నీరు ఈ తరంగాలను మింగేస్తుంది. వాన పడితే నెట్ పోతోందని వానను తిడతారు గానీ, ఇంత కొద్ది దూరానికి చినుకుల వల్ల వచ్చే నష్టం దాదాపు ఏమీ ఉండదు. తడిసిన కొమ్మల సంగతే చూసుకోవాలి.

ఇలాంటి చోట బిగించేది సీపీఈ అనే పలక లాంటి యాంటెనా. డాబా మీద ఒకటి, షెడ్డు మీద ఒకటి, ఎదురెదురుగా. ఇక్కడినుంచి చూస్తే అవతలి పలక కనిపిస్తోంది కదా, ఇంకేం అనుకుంటే పొరపాటే. తరంగం గీత గీసినట్టు పోదు. రెండు చివర్లా సన్నగా, నడుమ దోసకాయలా ఉబ్బి ఉంటుంది. దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. ఆ పేరున్న ఫ్రెంచి శాస్త్రవేత్త 1827లోనే పోయాడు, రేడియో అనేది ఒకటి వస్తుందని కూడా ఎరగడు. కాంతి మీద ఆయన చేసిన పరిశోధన ఇప్పుడు మన చేలో అక్కరకొస్తోంది. 300 మీటర్ల లింకుకు సరిగ్గా మధ్యలో ఈ ఉబ్బు గీతకు చుట్టూ 5.8 గిగాహెర్ట్జ్‌లో దాదాపు 2 మీటర్లు, 2.4లో 3 మీటర్లు. అందులో 60 శాతమైనా ఖాళీగా ఉండాలి. కాబట్టి వేసవిలో ఖాళీ చేను మీదుగా పలకలు బిగించేవాళ్లు మొక్కజొన్న ఎంత ఎత్తు లేస్తుందో ముందే లెక్కేసుకోవాలి. చెరకైతే ఇక చెప్పక్కర్లేదు.

ఈ ఎత్తు బాధ పెద్ద ప్రాజెక్టులకూ తప్పలేదు. ఈ శతాబ్దం తొలి దశకంలో పశ్చిమ గోదావరి జిల్లా పల్లెలను వైఫైతో కలిపిన ‘అశ్విని’ ప్రాజెక్టు లాంటి వాటిలో పరికరాల కన్నా వాటిని పైకెత్తే టవర్లకే డబ్బు ఎక్కువ కావాల్సి వచ్చింది. 

సిగ్నల్ అందని షెడ్డులోనే రిపీటర్ పెట్టేవాళ్లున్నారు. తనకే అందనిది అదేం పంచుతుంది? పెడితే సిగ్నల్ ఇంకా బాగున్న నడిమి చోట పెట్టాలి. అప్పుడు కూడా ఒకే రేడియో ఉన్న రిపీటరైతే వేగం సగానికి పడుతుంది. షెడ్డుకు రేకుల గోడలుంటే పలక బయటే ఉంచి, కేబుల్ లోపలికి లాగి, అక్కడ వేరే రౌటర్ పెట్టాల్సిందే.

ఇంటి నుంచే మామూలు లాన్ కేబుల్ లాగుదామంటే దాని హద్దు 100 మీటర్లు. పైగా అది రాగి తీగ. దగ్గర్లో పిడుగు పడితే ఒక చివరి దెబ్బ రెండో చివరి సామానుకూ తగులుతుంది. ఫైబర్ గాజు కాబట్టి ఆ భయం లేదు, కిలోమీటరైనా ఢోకా లేదు. అయితే స్తంభాల మీద లాగే కేబుల్‌లో తరచూ బలం కోసం ఉక్కు తీగ ఉంటుంది, దాన్ని మాత్రం సామాను దాకా రానివ్వకూడదు.

ఇంకోటి, ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కనెక్షన్‌కు కరెంటు పగటిపూట 9 గంటలే. మోటారు షెడ్డులో ఆ కరెంటును నమ్ముకున్న కెమెరా, దొంగ వచ్చే వేళకు నిద్రపోతుంది. పలకలు తినేది సాధారణంగా 10 వాట్ల లోపే కాబట్టి చిన్న సోలార్ ప్యానెల్, ఒక 12 వోల్టుల బ్యాటరీ పెడితే తెల్లవార్లూ మేలుకుని ఉంటాయి.