ఎదురుగాలిలో గోల్ఫు బంతి

వేసవి మధ్యాహ్నము జువ్వలదిన్నె ఇసుకపై సముద్రమువైపు తిరిగి ఒక రబ్బరు బంతిని విసిరి చూడుడు. ఎంత బలముగా విసిరినను ఎవరో పట్టి ఆపినట్లు కొద్ది దూరములోనే పడిపోవును. నేల నీటికంటె త్వరగా వేడెక్కును. నేలపైనున్న గాలి తేలికయై పైకి లేచును. ఆ చోటికి సముద్రపు చల్లగాలి వచ్చి చేరును. జువ్వలదిన్నెలో గోల్ఫు మైదానము లేదు. కాని ఇట్టి సముద్రపుగాలియే విశాఖపట్టణములోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ మైదానముపై కూడ వీచును. దానికి ఎదురుగా బంతిని కొట్టవలసివచ్చిన ఆటగానికి మొదట తోచునది, మరింత గట్టిగా కొట్టుట. ఇదియే పొరపాటు. ఎందుచేతనో తెలియుటకు మన పాఠ్యపుస్తకములోని లెక్కతో ప్రారంభింతము.

గోల్ఫు కర్రలలో పొడవైనది డ్రైవరు. దాని ముఖము సుమారు 10 డిగ్రీలు మాత్రమే వెనుకకు వాలి ఉండును. మంచి దెబ్బ తగిలిన బంతి సెకండుకు 60 మీటర్ల వేగముతో, 12 డిగ్రీల కోణములో బయలుదేరినదనుకొందము. ప్రక్షేపక సూత్రము ప్రకారము, అనగా గాలి లేనిచో, అది 150 మీటర్ల దూరమున నేలను తాకవలెను. గాలి నిరోధము దీనిని ఇంకను తగ్గించవలెను గదా! కాని నిజముగా అట్టి బంతి నిశ్చలమైన గాలిలో 190 మీటర్ల ప్రాంతమునకు పోవును. అడ్డుపడవలసిన గాలియే బంతిని మోసినది!

ఈ చిక్కును విప్పినవాడు ఎడింబరో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు పి. జి. టేట్. ఆయన కుమారుడు ఫ్రెడ్డీ 1896లోను, 1898లోను బ్రిటిష్ అమెచ్యూర్ పోటీలను గెలిచిన ఆటగాడు. కనుక ఇంటిలోనే ప్రయోగసామగ్రి ఉన్నదనవచ్చును. బంతికి నాడా కట్టి కొట్టించి, నాడాకు పడిన మెలికలను లెక్కించి, బంతి వెనుకకు తిరుగుచు పోవునని టేట్ తేల్చెను. ఎలక్ట్రానును కనుగొన్న జె. జె. థామ్సన్ కూడ 1910లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఈ విషయముపైననే ఉపన్యసించెను.

డ్రైవరు దెబ్బకు బంతి నిమిషమునకు రెండు మూడు వేల చుట్లు తిరుగును. దాని పైభాగము వెనుకకు, క్రిందిభాగము ముందుకు కదలును. తన్నుకొనివచ్చు గాలిని పైభాగము తనతోపాటు వెనుకకు ఈడ్చి, క్రిందికి మళ్ళించును. గాలి క్రిందికి పోయినచో న్యూటను మూడవ సూత్రము ననుసరించి బంతి పైకి నెట్టబడును. 1852లో మాగ్నస్ పరిశీలించిన ఫలితము ఇదియే. బంతిపైనున్న చిన్న గుంటలు అలంకారమునకు కావు. అవి గాలిపొరను బంతికి ఎక్కువసేపు అంటిపెట్టుకొనునట్లు చేసి నిరోధమును తగ్గించును.

ఇప్పుడు సెకండుకు 10 మీటర్ల ఎదురుగాలి వచ్చినదనుకొందము. బంతికి గాలి 70 మీటర్ల వేగముతో తగులును. నిరోధము వేగవర్గమును బట్టి పెరుగును గనుక 3600కు బదులు 4900, అనగా సుమారు 36 శాతము ఎక్కువ. అదే గాలి వెనుకనుండి వీచినచో తగ్గుట 31 శాతమే. ఎదురుగాలి తీసుకొన్నంత వెనుకగాలి తిరిగి ఈయదు! నిరోధముతోపాటు పైకి నెట్టు బలము కూడ పెరుగును. బంతి గాలిపటమువలె పైకి లేచి, ముందుకు సాగక, నిలువుగా దిగును.

గట్టిగా కొట్టినచో వేగముతోపాటు భ్రమణము కూడ పెరుగును. బంతి మరింత పైకి లేచును. పైగా తొందరలో కర్ర పైనుండి క్రిందికి నరికినట్లు తగిలినచో భ్రమణము ఇంకను హెచ్చును. కనుక నేర్పరి అలవాటైన ఊపుకంటె కొంచెము నెమ్మదిగా, ముఖమధ్యముననే తగులునట్లు కొట్టును. కుడిచేతివాడు బంతిని చిన్న మేకుపై ఎడమమడమకు ఎదురుగా నిలిపి, కర్ర లేచు దశలో తాకించును. ముఖము కాస్త ప్రక్కకు తిరిగినను భ్రమణాక్షము వాలి బంతి ప్రక్కకు వంగును. ఎదురుగాలిలో ఆ వంపు కూడ పెద్దదగును. దూరముకంటె దీనివలననే ఆటగాండ్రు ఎక్కువగా నష్టపోవుదురని నా అభిప్రాయము.

తరగతిలో దీనిని చూపుటకు గోల్ఫు కర్ర అక్కరలేదు. కాగితమును మూడు సెంటీమీటర్ల వ్యాసముగల గొట్టముగా చుట్టి, బల్లపై వాలుగా పెట్టిన పలకమీదనుండి దొర్లించి, అంచునుండి పడనిండు. గొట్టము ముందుకు పడక బల్ల క్రిందికి వంగి పోవును. ఇచట భ్రమణము గోల్ఫు బంతికి వ్యతిరేకదిశలో ఉన్నది. బలము కూడ అట్లే తిరుగబడినది. కిటికీలు మూసి మొదట చేయుడు. తరువాత సముద్రపుగాలి వచ్చువైపు కిటికీ తెరచి, వంపు ఎంత మారినదో విద్యార్థులచేత కొలిపించుడు.