కంది కట్టె నారకు, రెసిన్‌కు మధ్య బంధాన్ని పెంపొందించే విధానం

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. గింజకు ఖ్యాతి దక్కినప్పటికీ, నూర్పిడి అనంతరం మిగిలే కట్టె వికారాబాద్, తాండూరు ప్రాంతాలలో వంటచెరకుగానో, చేనిలోనే కాలి బూడిదగానో ముగుస్తోంది. కట్టె బెరడులోని నారను రెసిన్‌తో కలిపి పలకలు తయారుచేయవచ్చు. అయితే భారం రెసిన్ నుండి నారకు చేరేది ఆ రెండూ కలిసే హద్దు ద్వారానే. ఆ హద్దు బలహీనమైతే నార ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు.

డ్రోన్ల చట్రాలలో వాడే కార్బన్ తంతువులకూ ఇదే సమస్య. వాటి ఉపరితలం నునుపుగా, రసాయనికంగా జడంగా ఉంటుంది. అందుచేత విద్యుద్రసాయనిక ఆక్సీకరణతో ఆక్సిజన్ సమూహాలను ఏర్పరచి, రెసిన్‌కు అనువైన పలుచని పూత పూస్తారు.

మొక్కల నార స్వభావం వేరు. సెల్యులోజ్‌లోని హైడ్రాక్సిల్ సమూహాలు నీటిని ఆకర్షిస్తాయి. పాలిప్రొపిలీన్, పాలియెస్టర్ వంటివి నీటితో కలవవు. నారపై ఉండే మైనం కూడా అడ్డుపడుతుంది. సుమారు 5 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి, కడిగి, పూర్తిగా ఆరబెడితే మైనం, కొంత హెమీసెల్యులోజ్ తొలగి ఉపరితలం గరుకవుతుంది. గాఢత మించితే నారే బలహీనపడుతుంది. తదుపరి సిలేన్ వాడితే, దాని ఒక కొన నారతోనూ, మరొక కొన రెసిన్‌తోనూ బంధం ఏర్పరచుకుంటుంది.

విరిచిన పలకలో పోగులు శుభ్రంగా ఊడివస్తే బంధం చాలలేదని, రెసిన్ అంటుకొని తెగితే బాగుందని గ్రహించాలి.

కడిగిన నీటిని ఆమ్లంతో తటస్థపరచినా సోడియం అందులోనే మిగిలిపోతుంది. దానిని నల్లరేగడి నేలల్లోకి వదిలితే నేల నిర్మాణం చెడుతుంది. కట్టెకు విలువ చేకూర్చే యత్నం కంది పండే నేలకే చేటు కాకూడదు.